తోక ముందుకు వెళ్ళిన రోజు

ఫిబ్రవరి పదకొండు, బుధవారం. ఆ పొద్దున నేను తిన్నది చద్దన్నం, పలచటి మజ్జిగ, వేయించిన ఎండు నెత్తళ్ళు. పెట్టింది పుష్పకుమారి. ఆమె భర్తను ముందు రోజు సాయంత్రం పోలీసులు తీసుకెళ్ళారు. రాత్రి ఆ ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టినట్టు లేదు, అన్నం కుండ నిండుగానే ఉంది. అయినా, సాయం అడగబోయే మనిషి ముందు కంచం పెట్టి, నేను చెయ్యి కడుక్కునేదాకా నోరు విప్పలేదు. మా ఆవిడ పోయాక నా కడుపు సంగతి ముందు చూసి తన కష్టం తర్వాత చెప్పుకున్న మనిషి ఈమే.

"మీరు ఇన్సూరెన్సులో లారీ యాక్సిడెంట్లు చూసినోరంట గదా సార్."

"చూశానమ్మా, ఇరవై ఏళ్ళు. ఇప్పుడు సొంతంగా ఎంక్వయిరీలు చేస్తున్నా."

"అయితే మా ఆయన లారీ చూడండి. అది మనిషిని గుద్దిన లారీనో కాదో మీకు తెలస్తాది."

ఆమె భర్త బెన్హర్ జువ్వలదిన్నె హార్బరుకు ఐసు తోలే లారీ డ్రైవరు. మంగళవారం పొద్దున హార్బరు రోడ్డు పక్కన, కాలవ గట్టు మీద ఒక సైకిలిస్టు శవం కనిపించింది. పేరు మాథ్యూ, నెల్లూరులో ఒక కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. అనంతపురం జిల్లాలో ఎడారిలాంటి ఇసుక మేటల దగ్గర బయలుదేరి, పెన్న వెంబడి తొమ్మిది రోజులు తొక్కుకుంటూ సముద్రం చేరాల్సిన ఎనిమిది మంది గుంపులో ఆయనొకడు. అది ఆఖరి రోజు. సముద్రం ఇంకో నాలుగు కిలోమీటర్లు.

సైకిళ్ళు పోయాక ఆ రోడ్డు మీద వెళ్ళిన బండి, ఊరి వైపున్న ఐసు ఫ్యాక్టరీ కెమెరాలో, ఒక్కటే పడింది. బెన్హర్ లారీ. ముందు బంపరు సొట్ట పోయి ఉంది కూడా.

"ఆ సొట్ట సంక్రాంతికి ముందుదే సార్. హార్బరు గోడకి తగిలించినాడు. ఎవుర్నడిగినా చెప్తారు."

"సాయంత్రం మేజిస్ట్రేటు ముందు పెడతారటగా?"

"పెడితే సబ్ జైలే. బెయిలు రాని సెక్షనంట. గుద్దినాక ఆయన్ని కాలవ కాడికి లాగి పడేసి పోయినాడని రాసినారు. జైలుకి పోయొచ్చినోడికి హార్బర్లో మళ్ళీ ఎవురూ లారీ తాళాలియ్యరు." కొంగుతో చేతులు తుడుచుకుంది. "అదొక్కటే అయితే కూలికి పోయి బతుకుతాం. పోలీసోళ్ళు జీపెక్కించేటప్పుడు నేను అడిగినా సార్, గుద్దినావా అని. లేదన్నాడు. నేను నమ్మినా. నేను నమ్మింది నిజమో కాదో నాకు తెలియాల. రేపు ఆయనకి అన్నం పెట్టాల్సింది నేను."

 మోటారు సైకిలు తీశాను.

*

స్టేషను ఆవరణలో వేపచెట్టు కింద మాథ్యూ సైకిలు గోడకు ఆనించి ఉంది. నేను దాని ముందు గొంతుక్కూర్చునేసరికి వెనక సి.ఐ. పెంచలకృష్ణ గొంతు వినిపించింది.

"రండి మౌళిగారూ. చచ్చినోడిదే తప్పని తేల్చి క్లెయిము ఎగ్గొట్టేదానికి వచ్చినారా?"

పదేళ్ళ కిందట ఒక బస్సు ప్రమాదం కేసులో ఆయన రాసిన పంచనామాను నా రిపోర్టు కోర్టులో కొట్టేసింది. ఆయన మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు కానీ, నాది గెలిచినవాడి జ్ఞాపకం. అది తేలిక.

"ఉద్యోగం మానేశానండీ. ఇప్పుడు ఎగ్గొట్టడానికి ఏ కంపెనీ లేదు."

"అలవాటు యాడికి పోతాది?" కుర్చీ తెప్పించి నాకు వేయించాడు. తిడుతూనే కుర్చీ వేసే మనిషి. "చూసుకోండి. రోడ్డు మీద సైకిలు తొక్కతా ఉండినాడు. ఎనక నించి లారీ గుద్దింది. డ్రైవరు దిగినాడు, చూసినాడు, గట్టు మీదకి లాగినాడు, పారిపోయినాడు. ఫొటోలు కావాలా?"

ఫొటోలు చూశాను. మాథ్యూ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఛాతీ పక్కన, భుజం మీద, తలకు దెబ్బలు. కాళ్ళ మీద గీత కూడా లేదు. తల కింద ఒక తెల్ల తువ్వాల, నాలుగు మడతలు వేసి పెట్టింది.

"ఈ తువ్వాల?"

"మీ వాడే పెట్టుంటాడు. గుద్దినాక భయమేసుంటాది. జాలి కూడా వేసుంటాది. జాలి పడినోళ్ళు జైలుకి పోకూడదని చట్టంలో లేదు." గొంతు తగ్గించాడు. "డాక్టరేమన్నాడో తెలుసునా? దెబ్బ తగిలినాక గంటసేపు బతికినాడంట. ఆస్పత్రికి తీసుకొచ్చుంటే బతికేవోడంట. గుద్దడం పొరపాటయ్యా, ఒప్పుకుంటా. గంటసేపు సావనియ్యడం పొరపాటు కాదు. అందుకే ఆ సెక్షను."

ఆ మాటలో కోపం నిజమైనది. దానికి నేను తల వంచాను. తర్వాత సైకిలు వెనక చక్రం పైకెత్తి తిప్పాను. ఎక్కడా తగలకుండా చాలాసేపు తిరిగింది.

"వెనక నుంచి లారీ గుద్దితే ముందు నలిగేది ఇది. దీనికి దుమ్ము తప్ప ఏమీ అంటలేదు. హ్యాండిలు ఒక పక్కకి వంగింది, సీటు ఒక పక్క చిరిగింది. నిలబెట్టిన సైకిలు పక్కకి పడితే ఇట్లా అవుతుంది. మనిషికి కాళ్ళ మీద దెబ్బ లేదు. ఆయన తొక్కడం లేదండీ, కూర్చుని ఉన్నాడు."

"రోడ్డు మధ్యలో కూర్చుంటాడా?"

"టైర్లు నొక్కి చూడండి."

ఆయన వంగలేదు. కానిస్టేబులుతో నొక్కించాడు. రెండు టైర్లూ బొటనవేలు దిగేంత మెత్తగా ఉన్నాయి. రెండింటికీ వాల్వు మూతలు లేవు.

"దెబ్బకి గాలి దిగిపోయింటాది."

సైకిలు కడ్డీకే చిన్న పంపు బిగించి ఉంది. రెండు టైర్లకీ గాలి కొట్టాను. "ఒక టీ తాగొద్దాం రండి," అన్నాను. గేటు బయట బంకులో ఆయన టీ ఆయన, నా టీ నేను తాగి వచ్చాం. టైర్లు రాయిలా ఉన్నాయి.

"పంచరు లేదు. గాలి ఆయనే తీశాడు," అన్నాను. "ఇసుకలో సైకిలు దిగబడకుండా ఉండాలంటే గాలి తగ్గిస్తారు. మొదటి రెండు రోజులూ ఎడారి మేటల్లో వీళ్ళు చేసిన పనే అది. ఇక్కడ తారు రోడ్డు వదిలి సరుగుడు తోపులో ఇసుక బాట పట్టేచోట మళ్ళీ చెయ్యాలి. అంటే మాథ్యూ ఇసుక దాకా వచ్చేశాడు. శవం దొరికిన చోటు అక్కడికి రెండు కిలోమీటర్లు ఇవతల. ఈ టైర్లతో తారు మీద వెనక్కి తొక్కితే పక్కలు కోసుకుపోతాయి. కోసుకుపోలేదు. సైకిలూ మనిషీ ఏదో బండిలో వెనక్కి వచ్చారు."

"లారీ కూడా బండే."

"ఐసు నింపుకుని హార్బరుకు పోతున్న లారీ. ఇసుక దగ్గర గుద్ది, ఆయన్ని ఎక్కించుకుని, రెండు కిలోమీటర్లు వెనక్కొచ్చి, దించి, మళ్ళీ ఐసు దించడానికి పోయాడంటారా?"

పెంచలకృష్ణ టోపీ తీసి లోపలికి చూసుకున్నాడు.

"అయిదింటికి మీ వాణ్ణి మేజిస్ట్రేటు ఇంటికి తీసుకపోతా. ఈలోపల నాకు గాలి కాదు మౌళిగారూ, మనిషిని చూపించండి."

*

విచారణ అయ్యేదాకా గుంపుని కావలిలో ఒక లాడ్జిలో ఉండమన్నారు. నేను వెళ్ళేసరికి ఆ గుంపులోని పరంజ్యోతి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కోవూరులో లెక్కల మాస్టారు, యాభై దాటిన మనిషి. మెడలో టూరు పూర్తి చేసినవాళ్ళకిచ్చిన పతకం లేదు. మిగతావాళ్ళ మెడల్లోనూ లేదు. ఎవరికీ తగిలించుకోబుద్ధి కాలేదన్నాడు.

"మాథ్యూగారిని చివర ఎక్కడ చూశారు మాస్టారూ?"

"రొయ్యల గుంటలు దాటినాక. నా ఎనకమాల వస్తా ఉండినాడు."

"ఈ గుంపులో మీ పనేంటి?"

"నేను తోకని సార్." అలవాటైన మాట గనక నవ్వబోయి ఆగిపోయాడు. "అందరికంటే ఎనక వచ్చేవోణ్ణి తోక అంటాం. ఎవురికి పంచరైనా, కాలు పట్టేసినా, వాళ్ళని దాటి నేను ముందుకి పోకూడదు. తోక కనపడిందంటే ఎనక ఇంకెవురూ లేరని అర్థం. అది మా రూలు."

"తోక వెనక మాథ్యూ ఎట్లా వచ్చాడు?"

ఆయన చేతిలో ఉన్న నీళ్ళ సీసా మూత బిగించాడు. విప్పాడు. మళ్ళీ బిగించాడు.

"పోలీసులకి ఈ మాట చెప్పలేదు గదా మీరు?"

"అడగలా."

"నేను అడుగుతున్నా. అయిదింటికి ఒక లారీ డ్రైవరు జైలుకి పోతున్నాడు."

సీసా పక్కన పెట్టాడు. "మంగళవారం పొద్దున మాథ్యూ నా పక్కకొచ్చినాడు. ఎనిమిది రోజులు అందరి వీపులూ చూసినావు జ్యోతీ, ఈ రోజన్నా సముద్రం ముందు చూడు, తోక నేనుంటా, అన్నాడు. వద్దంటే ఇనలా. నా సైకిలు మీద చెయ్యేసి ఒక తోపు తోసినాడు, చిన్న పిల్లకాయని తోసినట్టు. నేను పోయినా."

"వినీలగారికి చెప్పలేదా?"

వినీల ఈ టూరు నడిపించిన మనిషి. నెల్లూరులో జిమ్ము ఉంది.

"చెబితే ఒప్పుకోదు. ఆమెకి రూలంటే రూలే. వ్యాను ఎక్కి ఒక్క కిలోమీటరు పోయినా పేరు కొట్టేస్తాది. ఒక డాక్టరుగారికి జ్వరమొచ్చి పదిహేను నిమిషాలు వ్యానులో కూర్చున్నాడని పతకం ఇయ్యలా." తల దించుకున్నాడు. "నేను తోక వదలకుండా ఉండుంటే ఆయన ఎనకబడినప్పుడు నేను పక్కనే ఉందును గదా సార్. అందుకే చెప్పలా. భయానికి కాదు. సిగ్గుకి."

ఆయన భుజం మీద చెయ్యి వేశాను. తీసేయమనలేదు.

"ఇసుక దగ్గర వ్యాను ఉందా?"

"లేదు. ఉండాల. రోజూ ముందే పోయి నీళ్ళు, పుచ్చకాయ ముక్కలు పెట్టుకుని ఉండేది. ఆ రోజు పంచరైందన్నాడు డ్రైవరు హజరత్తయ్య."

"వినీలగారు?"

"మాకంటే ముందుండాదని అందరం అనుకున్నాం. ఒడ్డుకి పోయి చూస్తే లేదు. మేం సముద్రంలో చక్రాలు తడిపి, ఫొటోలు తీసుకుని, చాలాసేపు కూర్చున్నాక, సైకిలు తోసుకుంటా ఒక్కతే వచ్చింది. చెయిను తెగిందంది. ముఖం తెల్లగా పాలిపోయింది. అలిసిపోయిందనుకున్నాం."

"చెయిను మీరు చూశారా?"

"చూసినా. నూనె కారతా ఉండాది. తెగిన చెయిను కాదది." ఆ మాట ఆయన తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు, అప్పుడే లెక్క తేలినట్టు.

లాడ్జి మెట్ల మీద నుంచే పెంచలకృష్ణకు ఫోను చేశాను. వినీలనీ, హజరత్తయ్యనీ, వ్యానుతో సహా తోపు దగ్గరికి తీసుకురమ్మన్నాను. "మీరు నాకు ఆర్డర్లేస్తా ఉండారే," అన్నాడు. కానీ వచ్చాడు.

*

తారు రోడ్డు ఆగిపోయే చోట ఎడమ పక్క సరుగుడు తోపు. సముద్రం ఇంకా కనిపించదు, హోరు వినిపిస్తుంది. తోపులోకి ఒక బండి పట్టేంత సందు ఉంది. అటూ ఇటూ కొమ్మలు కొత్తగా విరిగి ఉన్నాయి, విరిగిన చోట ఇంకా పచ్చిగానే ఉంది.

వినీలకు ముప్పై అయిదేళ్ళుంటాయి. జీపు దిగేటప్పుడు ఎడమ కాలు ముందు మోపి, కుడి కాలు చేత్తో పట్టుకుని దించుకుంది. హజరత్తయ్య వ్యాను ఆపి, దాని పక్కనే నిలబడ్డాడు. అరవై ఏళ్ళ మనిషి. భుజం మీద ఏమీ లేదు. ఆ వయసు డ్రైవరు భుజం మీద తువ్వాల లేకుండా ఎండలో నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

"హజరత్తయ్యా, పంచరు ఎక్కడైంది?" అని అడిగాను.

"కోవూరు దాటినాక సామీ."

"వేసింది ఎవరు?"

"నేనే."

"స్టెప్నీ చూపించు."

వ్యాను వెనక తలుపు తెరిచాడు. స్టెప్నీ మీద సాలెగూడు ఉంది. పెంచలకృష్ణ దాన్ని వేలితో తెంపి, వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. 

"టైర్లలో గాలి తియ్యాలంటే మీరైతే ఎక్కడ కూర్చుంటారు?" అని వినీలను అడిగాను.

"ఎక్కడైనా."

"పొద్దున ఏడింటికి ఎండ సముద్రం వైపు నుంచి కళ్ళల్లో కొడుతుంది. ఆ టైములో నీడ ఉన్నది ఈ సందు మొదట్లోనే."

నేను ఆ సందు మొదట్లో గొంతుక్కూర్చున్నాను. నేల మీద ఎండిన సరుగుడు ఆకు దుప్పటిలా పరుచుకుని ఉంది, గాలికి కదలడం లేదు. దాని మీద వ్యాను టైరు జాడ లోతుగా, స్పష్టంగా ఉంది. లోపల నుంచి రోడ్డు వైపుకు వచ్చిన జాడ. రెండు టైర్ల గాలీ తియ్యాలంటే ఎలా కూర్చోవాలో అలా కూర్చుని, మూతలు ఎక్కడ పెడతానా అని చూసుకున్నాను. కుడి మోకాలు పక్కన. టైరు జాడలో వేళ్ళు పెట్టి గీకాను. ఆకు కింద ఇసుక చల్లగా ఉంది. నాలుగో గీకుకి నల్లటి చిన్న మూత ఒకటి తగిలింది, ఇసుకలోకి అణిగిపోయి.

"ఇదీ ఒక సాక్ష్యమేనా? సైకిలు మూతలు యాడైనా పడుంటాయి," అన్నాడు పెంచలకృష్ణ.

"రెండోది కూడా ఇక్కడే ఉండాలి."

ఆయన నా వైపు చూశాడు. టోపీ కానిస్టేబులు చేతికిచ్చి, ఖాకీ ప్యాంటు మోకాళ్ళ మీద ఇసుకలో కూర్చున్నాడు. రెండో మూత దొరికింది ఆయనకే. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. మళ్ళీ లేచేసరికి ఆయన గొంతు మారిపోయింది.

"మూతలు ముందు పడినాయి. బండి తర్వాత ఎక్కింది," అన్నాడు నెమ్మదిగా. "ఏం హజరత్తయ్యా?"

"నేనే సామీ," అన్నాడు హజరత్తయ్య వెంటనే, ఎప్పటి నుంచో ఆ మాట నోట్లో పెట్టుకుని ఉన్నట్టు. "ఎనక చూడకుండా రివర్సు చేసినా. అమ్మకేం తెలీదు. నేనే."

"ఎనభై కిలోల మనిషిని ఒక్కడివే ఎత్తి బండిలో వేసినావా?"

"వేసినా."

"సైకిలు కూడా?"

"వేసినా సామీ."

వినీల తోపు వైపు చూస్తూ నిలబడింది. ఆయన అబద్ధం పూర్తయ్యేదాకా ఆగుతుందేమో అనుకున్నాను. ఆగింది కూడా. హజరత్తయ్య మాట అయిపోయాక నేనన్నాను.

"వినీలగారూ, మీరు తోక కోసం చూస్తూ కూర్చున్నారు."

ఆమె కళ్ళు మూసుకుంది.

"మాస్టారు పోయినాడు," అంది. "వ్యాను లోపల నుంచి చూస్తా ఉండినా. ఒక్కొక్కరే పోయినారు. ఆఖర్న పరంజ్యోతి మాస్టారు పోయినాడు. తోక పోయింది, ఇంకెవరూ లేరు, పోనీ హజరత్తయ్యా, అన్నా. బండి ఎనక మాథ్యూగారు కూర్చోనుండాడని తెలియలా. నేనే అన్నా."

"మీరెందుకు దాక్కున్నారు?"

"మోకాలు. కోవూరు దాటినాక తొక్కలేకపోయినా. వ్యాను ఎక్కినా." ఆ మాట చెప్పడం ఆమెకు మిగతావన్నీ చెప్పడం కంటే కష్టంగా ఉంది. "నన్ను చూసి నలభై మంది ఆడపిల్లలు సైకిలెక్కినారు సార్. జ్వరమొచ్చిన మనిషికి నేను పతకం ఇయ్యలా. అందరూ ఇసకలోకి పోయినాక దిగి, ఎనక నుంచి కలిసిపోదామనుకున్నా. రెండు కిలోమీటర్లే గదా."

"వ్యానుని చూసి మాథ్యూగారు లోపలికి తొంగి చూడలేదా?"

"అద్దాలకి కర్టెన్లు వేసి ఉండినాయి. హజరత్తయ్య నిద్రపోతా ఉండాడని లేపలేదేమో. ఆయన అట్టాంటి మనిషే."

పెంచలకృష్ణ ఏమీ రాసుకోవడం లేదు. వింటున్నాడు.

"ఆస్పత్రికే బయలుదేరినాం," అంది వినీల. "రెండు కిలోమీటర్లు పోయినాక ఊపిరి ఆగిపోయింది. పిలిస్తే పలకలా. ముక్కు కాడ చెయ్యి పెడితే ఏం తెలియలా. చనిపోయిన మనిషిని తీసుకపోయి ఏం చెప్పాల? రోడ్డు పక్కన ఉంటే... రోడ్ల మీద రోజూ ఎవరో ఒకరు..."

"నేను పోదామనే అన్నా అమ్మా," అన్నాడు హజరత్తయ్య. నింద వేసినట్టు కాదు. "తల రాళ్ళ మీద ఉంచబుద్ధి కాలా. నా తువ్వాల మడిచి పెట్టినా. తర్వాత అమ్మనీ, అమ్మ సైకిల్నీ మళ్ళీ ఈడ దించినా."

"చనిపోలేదు," అన్నాడు పెంచలకృష్ణ.

ఆమెకు అర్థం కాలేదు.

"చనిపోలేదమ్మా. గంట బతికినాడు, ఆ గట్టు మీద."

ఆయన ఆ మాటను కోపంగా అనలేదు. నాకు పొద్దున చెప్పినప్పటి కోపం కూడా అందులో లేదు. వినీల నిలబడ్డచోటే ఇసుకలో కూర్చుండిపోయింది. కుడి మోకాలు వంగలేదు, ఆ కాలు ఒక పక్కకి చాచి కూర్చుంది. హజరత్తయ్య ఆమె వైపు ఒక అడుగు వేసి, ఆగి, వ్యాను తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మహిళా కానిస్టేబులు వచ్చేదాకా ఎవరూ ఆమెను లేవమనలేదు.

జీపు ఎక్కబోతూ పెంచలకృష్ణ నా దగ్గర ఆగాడు. "మీరు ఈ ఎంక్వయిరీలు కూడా మానేసుంటే నాకు సుఖంగా ఉండేది," అన్నాడు. చేతిలోని మూత నా చేతికివ్వబోయి, గుర్తొచ్చి, కాగితంలో చుట్టి తన జేబులో పెట్టుకున్నాడు.

*

కాగితాల పని అయ్యేసరికి చీకటి పడింది. బెన్హర్‌ను మేజిస్ట్రేటు ఇంటికి తీసుకెళ్ళాల్సిన పని తప్పింది. బయటికి వస్తుంటే పెంచలకృష్ణ అతని చేతిలో టీ గ్లాసు పెట్టాడు. క్షమాపణ అడగలేదు, గ్లాసు మాత్రం తనే అందించాడు. బెన్హర్ అది తాగి, గ్లాసు కడిగి బల్ల మీద పెట్టాడు. ముప్పై రెండేళ్ళ మనిషి, గట్టి భుజాలు, మెత్తటి మాట. దారి పొడుగునా నా వెనక బండి మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. లాకప్పులో గడిపిన మనిషికి మాట రాకపోవడం మామూలే అనుకున్నాను.

పుష్పకుమారి నీళ్ళు కాచి ఉంచింది. వేడి అన్నం, వంకాయ కూర వండింది. భర్తను చూడగానే ఆమె ముఖంలోకి వచ్చిన వెలుగు చూసి, ఈ వృత్తిలో ఇంత కాలం ఉన్నందుకు మొదటిసారి సంతోషపడ్డాను.

"చెప్పండి సార్," అంది, నాకు పీట వేస్తూ. "మొదటి నుంచీ చెప్పండి. నాకు ఇనాలనుండాది."

చెప్పాను. టైర్ల సంగతి, తోక సంగతి, మూతలు, మోకాలు. ఆమె ప్రతిదానికీ బెన్హర్ వైపు చూసి, చూసినావా, నువ్వు కాదు, అన్నట్టు తల ఊపుతోంది. అతను గుమ్మానికి ఆనుకుని నేల చూస్తున్నాడు. గంటసేపు బతికి ఉన్నాడన్న మాట చెప్పాలా వద్దా అని ఒక క్షణం ఆగాను. చెప్పాను. హజరత్తయ్య తువ్వాల సంగతి కూడా.

అప్పుడు బెన్హర్ తలెత్తాడు.

పుష్పకుమారి అతన్ని చూసింది. పొద్దున్నుంచీ ఆ ఇంట్లోనూ, స్టేషన్లోనూ ఎవరికీ తట్టని ప్రశ్న, నాక్కూడా తట్టని ప్రశ్న, ఆమె అడిగింది.

"నువ్వు ఆయన్ని చూసినావా?"



"చూసినా."

"బతికుండాడా?"

"చెయ్యి ఇట్టా అన్నాడు." కుడి చెయ్యి నేల మీద నుంచి జానెడు ఎత్తి చూపించాడు. "లారీ నెమ్మది చేసినా. తల కింద తువ్వాల మడిచి పెట్టుండాది. ఎవురో చూసుకుంటా ఉండారులే అనుకున్నా. నీళ్ళకో ఆటోకో పోయుంటారు, వచ్చేస్తారు అనుకున్నా. తువ్వాల లేకపోతే దిగేవోణ్ణి కుమారీ. ఒట్టు."

"తర్వాత?"

"ఐసు కరిగిపోతా ఉండాది. బోట్లోళ్ళు ఫోన్లు చేస్తా ఉండారు. దిగితే నా మీదకే వస్తాదని కూడా అనుకున్నా."

"స్టేషన్లో ఈ మాట చెప్పినావా?"

"అడగలా. గుద్దినావా అనడిగినారు. గుద్దలేదని చెప్పినా."

"నేనూ అదే అడిగినా," అంది పుష్పకుమారి. గొంతు పెరగలేదు. "నువ్వు దానికే బదులు చెప్పినావు."

నేను లేచాను. ఇలాంటప్పుడు పరాయివాడు చెయ్యగలిగిన ఉపకారం తొందరగా వెళ్ళిపోవడమే. కానీ ఆమె ఆగమన్నట్టు చెయ్యెత్తింది. పళ్ళెంలో అన్నం పెట్టింది, కూర వేసింది, గ్లాసు నిండా నీళ్ళు పోసింది. అన్నీ తీసుకెళ్ళి బయట అరుగు మీద పెట్టింది. చాప కూడా పరిచింది. ఏదీ తక్కువ చెయ్యలేదు.

"తిను," అంది అతనితో. "రేపు పొద్దున సారుతో పాటు స్టేషనుకి పో. చూసింది చూసినట్టు చెప్పు. తర్వాత నెల్లూరు పోయి ఆ లెక్చరరుగారి భార్యకి చెప్పు. ఆమెకి తెలియాల."

"ఆమెకెందుకు కుమారీ?"

"ఆయన చెయ్యెత్తినాడని. ఆఖర్న ఆయన్ని చూసినోడు ఒకడుండాడని."

బెన్హర్ అరుగు మీద కూర్చున్నాడు. పళ్ళెం ముట్టలేదు. హార్బరు వైపు నుంచి బోటు ఇంజన్ల చప్పుడు లీలగా వస్తోంది. నేను బండి స్టాండు తీసి వెనక్కి చూశాను. పుష్పకుమారి గుమ్మంలో ఒక్క క్షణం నిలబడింది, అతన్ని పిలుస్తుందేమో అనిపించేలా. తర్వాత లోపలికి జరిగి, ఇరుగుపొరుగుకు వినపడకుండా, తలుపు మెల్లగా మూసుకుంది.